ముప్పై ఒకటో నంబరు పుట్టుమచ్చలు

మనీష మేస్త్రీతో వెళ్లిపోయిందని పదో తరగతి మొత్తం చెప్పుకుంటోంది. పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో అతని సైకిల్ వెనక కూర్చుని పోతుంటే బబ్లూ కళ్లారా చూశాడట. మూడు వారాలుగా ఆమె బెంచీ ఖాళీ. పిల్లలకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

హాజరు తీసుకుంటున్నప్పుడు అనూహ్య ఈ మాట విన్నది. చిక్కడపల్లి సందులోని ఆ చిన్న ప్రైవేటు బడికి ఆమె ఆ ఒక్క రోజుకే టీచరు. తొంభై నాలుగు నవంబరు. సోషల్ సారు సెలవు పెడితే, హెడ్మాస్టరు విఠల్ గారు పక్కింటి పిల్ల కదా అని పిలిచారు. డిగ్రీ మధ్యలో ఆగిపోయి మూడేళ్లుగా ఇంట్లో ఉన్న మనిషి. నలభై మంది ముందు నిలబడడం ఇదే మొదటిసారి.

"పాఠం చెప్పకున్నా ఏం గాదమ్మా," అన్నారాయన. "పరీక్ష ఫారాలల్ల పుట్టుమచ్చలు రాయాలె, మనిషికి రెండు. కింద వాళ్లతోని సంతకం పెట్టియ్యి, అది లేకపోతే తీస్కోరు. నాలుగింటికి ప్యూను కృష్ణయ్య పరీక్షల ఆఫీసుకు పట్కపోతడు. ఇయ్యాల పోనిది ఈ ఏడు పోనట్టే."

మచ్చల వెతుకులాటతో క్లాసు సంతలా తయారైంది. సృజన్‌కు ఒకటే దొరికింది.

"రెండోది పెన్నుతోని పెట్టుకోరా."

"వీని మొఖమే మచ్చ టీచర్, అదే రాయుండ్రి."

పైన దబదబ చప్పుడు. బడి మీద కొత్త అంతస్తు కడుతున్నారు. దుమ్ము రాలి ఫారాల మీద పడుతోంది.

"ముప్పై ఒకటి, మనీష?"

"మేస్త్రీ నడగాలె టీచర్, ఏడున్నదో," అన్నాడు బబ్లూ. క్లాసంతా గొల్లుమంది.

రానివాళ్ల పేరు మీద గీత కొట్టెయ్యమన్నారు విఠల్ గారు. అనూహ్యకు చెయ్యి రాలేదు. కాలేజీలో తన పేరు మీద కూడా ఎవరో ఒక మధ్యాహ్నం ఇలాగే గీత గీసి, వెంటనే తర్వాతి పేరుకు వెళ్లిపోయి ఉంటారు.

చప్పుడులో తన మాట తనకే వినబడక, కాసేపు ఆపమని అడగడానికి, చేతిలో ఫారాలతోనే మెట్లెక్కింది.

పైన ఒక అమ్మాయి ఇటుకల తట్ట దించుతోంది. ముఖానికి తువ్వాలు, ఒంటి మీద మగవాళ్ల చొక్కా. కింద మాత్రం సిమెంటు మరకల నీలం లంగా. క్లాసులో ఆడపిల్లలందరూ కట్టుకున్నది అదే.

"మనీషవా?"

ఆ పిల్ల గబగబా ఆమెను నీళ్ల డ్రమ్ము చాటుకు తీసుకుపోయింది.

"కింద చెప్పకుండ్రి టీచర్. అమ్మ అశోక్‌నగర్ల నిచ్చెన మీదికెళ్లి పడ్డది. నడుము పోయింది. ఆమె జాగల నేనొస్తున్న. పీరయ్య మేస్త్రీ మా ఊరాయనే, పొద్దుగాల సైకిల్ మీద తెస్తడు. వెనక సందులకెళ్లి ఎక్కుత."

"ఇయ్యాలనే ఆఖరు. నీ మచ్చలు చెప్పు, రాసుకుంట."

"ఒకటి మెడ మీద." తువ్వాలు జరిపి చూపించింది. "ఇంకోటి కుడి అరచేతిల."

చెయ్యి చాపింది. బొబ్బలు చిట్లి, తోలు లేచి, సందుల్లో సిమెంటు. ఇద్దరూ వంగి వెతికారు.

"ఉండె టీచర్," అంది మనీష.

"కుడి అరచేతిలో," అని అనూహ్య రాసేసింది. "సంతకం పెట్టు."

మనీష పెన్ను పట్టుకుని తన పేరు వైపు చాలాసేపు చూసింది. తిరిగి ఇచ్చేసింది.

"డాక్టరు అమ్మ ఇగ లెవ్వదన్నడు. పెట్టి ఏం జెయ్యాలె?"

కింద అన్నం గంట కొట్టారు. ఆమె ఇటుకలు పేర్చుకుని తట్ట ముందు వంగింది.

"జర ఎత్తుతరా టీచర్."

అనూహ్య ఒక పక్క పట్టి ఎత్తింది, ఆమె తల మీదికి.

నాలుగింటికి కృష్ణయ్య గుమ్మంలో నిలబడ్డాడు. గీత అనూహ్యే కొట్టింది. వంకరగా వచ్చింది.

"మేస్త్రీ దొరికిండా టీచర్?" అన్నాడు వెళ్తూ వెళ్తూ బబ్లూ. కింద చెప్పొద్దన్న మనీష మాట గుర్తుండి, ఆమె హాజరు పట్టీ తెరిచింది.

అందులో ముప్పై ఒకటి ఎదురుగా పద్దెనిమిది రోజుల గైర్హాజరు ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ మనీష అందరికంటే ముందు బడికి వచ్చి, అందరూ వెళ్లాక ఇంటికి పోయింది.