కూయకుండా చేసిన మీటరు

ఏండ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం తింటాను, నీళ్లు తాగుతాను, షాపుకొచ్చిన వాళ్లతో నవ్వుతూ మాట్లాడతాను. అది మాత్రం కిందికి దిగదు, పైకి రాదు. నా భార్యకు చెప్పలేదు. నమాజులో నుదురు నేలకు ఆనించినప్పుడు కూడా ఆ మాట దగ్గరికి వచ్చి పక్కకు తప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

కడపలో బైపాసు పక్కన నాది టైర్ల షాపు. పంక్చర్లతో మొదలుపెట్టినాను. తర్వాత మోటారుసైకిల్ టైర్లలో గాలి ఎంతుందో చెప్పే సెన్సార్లు వస్తే, వాటిని బిగించడం, చెడిపోతే బాగుచేయడం నేర్చుకున్నాను. చిన్న వస్తువే. గాలి పట్టే వాల్వు మీద మూత తీసి, ఆ చోట సెన్సారు తిప్పి బిగిస్తాం. హ్యాండిల్ దగ్గర చిన్న మీటరు ఉంటుంది. గాలి తగ్గితే అది కూస్తుంది. ఎంతకు తగ్గితే కూయాలో మనమే పెట్టుకోవచ్చు. నా పాపమంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది.

రత్నం మంగంపేట ముగ్గురాయి గనుల్లో మిషను నడిపేవాడు. వారానికొకసారి బండి మీద కడపలో ఇంటికి వచ్చేవాడు. భార్య సుగుణ ఇంట్లోనే బట్టలు కుట్టేది. వాళ్ల చర్చిలో పండగకు పిల్లలు వేసుకునే గౌన్లన్నీ ఆమె చేతివే. గని దారిలో రాళ్లు టైర్లను కొరికేస్తున్నాయని రత్నం నా దగ్గర సెన్సార్లు పెట్టించుకున్నాడు. నిదానస్తుడు. రోడ్డు మీద ఎవరు హారన్ కొట్టినా పక్కకు జరిగి దారిచ్చేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. అందరికంటే నాకే బాగా తెలుసు.

ఒకసారి వెనక చక్రం సెన్సారులోకి నీళ్లు దూరినాయి. విప్పి, తుడిచి, బ్యాటరీ మార్చినా పనిచేయలేదు. కొత్తది పెట్టినాను. అది పాతదానికంటే బరువు. అంత బరువును రబ్బరు వాల్వు ఎక్కువ కాలం మోయలేదు, చక్రం తిరిగే కొద్దీ మొదలు దగ్గర నెర్రె ఇస్తుంది. ఇత్తడి వాల్వు వేయాలి. దానికి టైరు రిమ్ము నుంచి ఊడదీయాలి. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అదీ తప్పే. కానీ అంతవరకే అయ్యుంటే ఇది రాసేవాణ్ణి కాదు.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం ఇద్దరూ వచ్చినారు. మైదుకూరు అవతల సుగుణ పుట్టింటి ఊరి చర్చిలో కోత పండగ. ఆమె ఒళ్లో కొత్త బట్టల సంచి.

"భాయ్, ఇంటికాడ బయలుదేరినప్పట్నుంచీ ఇది కూస్తానే ఉండాది. ఒకసారి చూడు" అన్నాడు రత్నం.

సబ్బు నీళ్లు పోసినాను. సెన్సారు దగ్గర ఏమీ లేదు. వాల్వు మొదట్లో, రబ్బరు వంగే చోట, బుడగలు. ఒకటి పగిలితే ఇంకొకటి. చూసినాను. చూడలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఈ ఏండ్లలో శానా ప్రయత్నం చేసినాను గానీ, చూసినాను.

అప్పుడే ఫోను మోగింది. మా షడ్డకుని ఇంట్లో దావత్. నా కోసమే భోజనాలకు దస్తర్ఖాన్ గుడ్డ పరిచి కూర్చున్నారంట. వాల్వు మార్చాలంటే చక్రం విప్పాలి, టైరు ఊడదీయాలి. ఆ నెర్రె ఎందుకొచ్చిందో రత్నానికి చెప్పాలి. చెబితే నా పనితనం మాటేమిటి? నన్ను ఆపింది ఆకలా, అహంకారమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. రెండూ కాదేమో. ఏమీ కాదులే అనే ఒక బద్ధకం ఉంటుంది చూడండి, ఎదుటివాడి ప్రాణం మీద మనకుండే బద్ధకం, అదేనేమో.

నిండా గాలి పట్టినాను. మెల్లగా పోతున్న గాలే కదా, ఊరు చేరతారు, తిరిగొచ్చినాక మారుస్తాను అనుకున్నాను. కానీ దారిలో మీటరు మళ్లీ కూస్తుంది. కూస్తే వెనక్కొస్తారు. అందుకని బటన్లు నొక్కి, అది కూయాల్సిన హద్దును కిందికి దించినాను. ఎంత దిగుతుందో అంతా దించేసినాను.

"సెట్టింగు తప్పుండె. సరిచేసినా. ఇంక కూయదు, పోయిరాండి" అన్నాను.

అది కూయలేదు.

మైదుకూరు దాటినాక ఒక మలుపులో వెనక చక్రం పక్కకు లాగేసింది. రత్నానికి మోచేతులు గీరుకుపోయినాయి. సుగుణకు తుంటి విరిగింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్లీ కుట్టుమిషను పెడలు తొక్కలేదు.

బండిని ట్రాలీలో నా షాపుకే తెచ్చినారు. ఇంకెవరి దగ్గరికి తెస్తారు? అందరూ పోయినాక నేను మొట్టమొదట చేసింది, మీటరులో ఆ హద్దును పాత చోటికి ఎక్కించడం. తర్వాత చీలిన వాల్వును కోసి తీసి, ఇత్తడిది వేసినాను. పాతదాన్ని తీసుకపోయి బుగ్గవంక ఏట్లో పారేసినాను. దావత్‌కు పోయిన రోజు నేను సోమరిని. ఈ పని చేసిన రోజు నేనెవరిని? ఆ ప్రశ్న వేసుకోకుండానే షట్టరు దించి ఇంటికి పోయినాను.

మీటరు ఎందుకు కూయలేదని ఎవరూ నన్ను అడగలేదు. స్పీడుగా పోయి పడేసినాడని, చక్రంలో గాలి పోయింది పడిన దెబ్బకేనని అప్పటికే అందరూ అనేసుకున్నారు. నలభై దాటలేదని రత్నం ఒక్కడే అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆస్పత్రి నుంచి సుగుణను ఇంటికి తెచ్చినాక చూసిరావడానికి పోయినాను. ఆమె మంచం మీద ఉంది. రత్నం లోపల టీ పెడుతున్నాడు.

"భాయ్, బండి నీ చేతికే వచ్చింది. నిజం చెప్పు. బండిలో ఏమన్నా లోపముండెనా?" అని అడిగింది.

రత్నం టీ గ్లాసులతో వాకిలి దగ్గర నిలబడిపోయినాడు. నా వైపు చూసినాడు. తన మాట నిలబెట్టే మనిషి ఇన్నాళ్లకు ఇంటికొచ్చినాడు అన్నట్టు చూసినాడు.

"బండిలో ఏం లేదమ్మా" అన్నాను.

"అయితే స్పీడేనా?"

"స్పీడే అయ్యుంటాది."

ఆమె మొగుని వైపు తిరిగింది. "ఇన్ని దినాలూ నాకు అబద్ధం చెప్తాండావా?"

"లేదు సుగుణా" అన్నాడు. గ్లాసు తెచ్చి నా చేతికిచ్చినాడు. ఆ టీ నేను తాగినాను.

కొంచెం నడవగలిగినాక ఆమె పుట్టింటికి పోయింది. చర్చి పెద్దలు సర్దిచెప్పబోతే, కాలు పోయినందుకు కాదు, అబద్ధమాడినందుకు పోతున్నానని చెప్పిందంట. రత్నం బండి అమ్మేసినాడు. గనికి బస్సులో పోయి వచ్చేవాడు. ఎప్పుడైనా బస్సు దిగి నా షాపు ముందు కూర్చునేవాడు. నేను టైర్లు విప్పుతూ ఉండేవాణ్ణి. నన్ను ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే చెప్పేవాణ్ణా? లేదు. అబద్ధం ఎందుకు, చెప్పేవాణ్ణి కాదు.

ఈమధ్య ఒకరోజు అట్లా కూర్చుని, నేలకేసి చూస్తూ అన్నాడు. "నేనే స్పీడుగా పోయింటానేమో భాయ్. అందరూ అంటాండారు. నువ్వు గూడ అంటివి. నేనే మర్చిపోయింటా. ఆదివారం పోయి సుగుణతో ఒప్పుకుంటా. క్షమించమని అడుగుతా."

మాట అక్కడే ఉంది, నా పండ్ల వెనక. ఎదురుగా మనిషి, పక్కన ఎవరూ లేరు. నేనేమన్నానో తెలుసా?

"మంచిది, పోయిరాప్పా" అన్నాను.

పోయినాడు. చర్చిలో అందరి ముందర ఒప్పుకున్నాడంట. ఆమె ఏడ్చిందంట. క్షమించిందంట. ఇప్పుడు ఇద్దరూ కలిసే ఉంటున్నారు. అంతా మంచికే అయిందని ఊళ్లో సంతోషపడుతున్నారు. నేను కూడా అట్లనే అనుకుందామని చూసినాను. కుదరలేదు. మొన్న సంతలో కనిపించినారు. ఆమె ముందు నడుస్తోంది, కుంటుతూ. అతను సంచులు మోస్తూ, తల దించుకుని, క్షమాపణ దొరికిన దోషి ఎట్లా నడుస్తాడో అట్లా వెనక నడుస్తున్నాడు. నేను అడగాల్సిన క్షమాపణ అతను అడిగినాడు. పైగా, ఆ తప్పు తనదేనని నమ్ముతున్నాడు. కాలు ఆమెది తీసుకున్నాను, అతనిది జ్ఞాపకమే తీసుకున్నాను.

ఇప్పుడు పోయి చెబితే కుదుటపడిన సంసారం మళ్లీ చెదురుతుందేమో అంటుంది మనసు. వాళ్ల సంసారం మీద ఇంత దయ, వాళ్లు విడిపోయి ఉన్న ఇన్నేండ్లూ నాకెందుకు కలగలేదు? నా పిరికితనం ఇప్పుడు వాళ్ల మేలు అనే చొక్కా తొడుక్కుంది, అంతే. వాళ్లింటికి పోతానా, పోనా, మీకు మాటివ్వలేను. నా మాటకు ఎంత విలువుందో మీరు చూసినారు కదా. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు.

ఒక్కటి మాత్రం రాయనివ్వండి. ఇది రాయడానికే కూర్చున్నాను, మిగతాదంతా దీని చుట్టూ తిరగడమే. ఆ రోజు రత్నం నిదానంగానే పోయినాడు. వెనక చక్రంలో గాలి పోతోందని అతనికి తెలియదు. నాకు తెలుసు.