కిటికీల నిబంధన

సముద్రపుటొడ్డున మేనకోడలు సెలవుల బసకు అద్దెకిచ్చే ఇంటిలో పెద్దాయన పని ఒక్కటే: అతిథి చేత ఒప్పందపత్రంపై సంతకం చేయించి, ఆ తరువాతనే తాళంచెవి అందించడం. ఉద్యోగమున్నన్నాళ్లూ కార్యాలయపు ఉత్తరాలకు నకళ్లు రాసిన చేయి కనుక, ఆ పత్రాన్ని నేటికీ ముత్యాల్లాంటి అక్షరాలతో తానే రాస్తారు. కళ్లద్దాలు తుడుచుకొని, గొంతు సవరించుకొని ప్రతి నిబంధననూ చదివి వినిపిస్తారు. వచ్చినవారు ఆవలిస్తూ సంతకం గిలికేసి లోపలికి పరుగెడతారు. "మామయ్యా, మీ పారాయణానికి జడిసి ఈసారి ఎవరైనా వెనక్కి పోయారో, రేపటినుంచి సంతకాలు ఫోనులోనే" అని మేనకోడలు హెచ్చరించి ఉంది.

ఆ మధ్యాహ్నం ఒంటరిగా వచ్చిన నర్సు చివరిదాకా విని, కలం కింద పెట్టింది. "ఉప్పుగాలి రాకుండా పొద్దుగూకగానే కిటికీలు మూసేయాలన్నారు కదండీ. నేనొచ్చిందే అలల చప్పుడు వింటూ నిద్రపోదామని. వార్డులో ఆ మిషన్ల మోత విని విని నిద్రే మరిచిపోయాను. మూయనని తెలిసీ సంతకం ఎలా పెట్టను?"

"అందరూ పెట్టేస్తారమ్మా."

"పెట్టి?"

"తెరిచే ఉంచుతారు."

ఆమె నవ్వి, సంచీ భుజాన వేసుకుంది.

"ఉండమ్మా!" అన్నారు పెద్దాయన. తన రాతను ఇంతగా మన్నించిన మనిషిని ఆయన చూడలేదు. ఏనాడూ కొట్టివేత ఎరుగని ఆ చేయి నిబంధన మీద నిదానంగా గీత గీసి, పక్కన పొడి సంతకం చేసింది.

సంజవేళ తన గది కిటికీ మూయబోయి, రెక్క మీద చేయి వేసి ఆగారు. ఇన్నేళ్లుగా పక్కనే ఉన్న సముద్రం, తొందరలేని గొంతుతో ఎవరికో పెద్ద ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టుంది. ముగింపు వస్తుందేమోనని వింటూ వింటూ, పెద్దాయన కుర్చీలోనే కునుకులోకి జారారు.