పళ్ళ కుక్క, తోక కుక్క

సికింద్రాబాద్‌లో ఏ మేడమెట్లు ఎక్కినా ఓ కంప్యూటర్ కోర్సో, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసో ఎదురొచ్చే రోజులవి. ఆ రోజుల్లో డిగ్రీ ఉండి ఉద్యోగం రాకపోతే తప్పు చదువుది కాదు, పర్సనాలిటీది అనేవారు. (అంతకుముందు జాతకానిది అనేవారు. దానికైతే శాంతి చేయిస్తే సరిపోయేది, దీనికి కోచింగు కావాలి.) నేను ఎమ్‌సీఏ పూర్తిచేసి, సీతాఫల్‌మండిలో బాబాయి ఇంట్లో మకాం పెట్టి, వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూ నుంచీ వెళ్ళినట్టే తిరిగొస్తున్నాను. ఏళ్ళ తరబడి హైదరాబాద్ నీళ్ళు తాగినా శ్రీకాకుళం యాస వదలని మా బాబాయి ఒక పొద్దున్న ఉప్మా తింటూ తీర్పు చెప్పేశాడు.

"ఏట్రా, ఈపాలి కూడా రాకపోతే మీ నాన్న ఊర్లో రైస్‌మిల్లులో మాటాడీసినాడు. గుమస్తా పని. బియ్యం మూటలకి నీ పర్సనాలిటీతో పనిలేదు."

ఆ మిల్లు నాకు తెలుసు. అందులో చేరినవాడు పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప బయటికి రాడు. అందుకే ఆ రోజే పద్మారావు నగర్‌లో పిండి గిర్ని పైన ఉన్న పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో చేరాను. కింద గోధుమలు, పైన మేము. క్లాసు వదిలేసరికి అందరి నెత్తినా తెల్లటి పొడి ఉండేది. అక్కడి సారుకి మేం పెట్టుకున్న పేరు టై మాస్టారు. మెడలో టై తీసేవాడు కాదు, కాళ్ళకి మాత్రం హవాయి చెప్పులే. ఇంటర్వ్యూలో టేబుల్ కింద ఎవడు చూస్తాడన్నది ఆయన సిద్ధాంతం.

ఇంటర్వ్యూలో గుణగణాలు అడిగితే ఏం చెప్పాలో ఒకరోజు ఆయన బోర్డు మీద రెండు ఇంగ్లీషు మాటలు రాశాడు. ఒకటి డాగెడ్, రెండోది డాగ్‌లైక్.

"సూడుండ్రి, డాగెడ్ అంటె పట్టిన పట్టు ఇడ్వనోడు. డాగ్‌లైక్ అంటె బిస్కెట్ ఏసినోని ఎంట తోక ఊపుకుంట వోయేటోడు. రెండూ కుక్కకెల్లే వచ్చినయ్. గని ఒకటి పండ్లు, ఒకటి తోక. ఇంటర్వ్యూల పండ్లు సూపియ్యాలె, తోక దాచిపెట్టాలె. సమజైందా?" అన్నాడు. నాకు బాగానే సమజైంది. ఆ తర్వాత, పట్టుదలతో చేసిన పని ఎవరికైనా ఉంటే చెప్పమన్నాడు. అందరూ నోట్‌బుక్కుల్లో వెతుక్కున్నారు. నేను లేచాను.

పదో తరగతి పరీక్షకి వెళ్తుంటే జడివాన. దారిలో సైకిల్ పంక్చర్. సైకిల్ మావయ్యది, వదిలేసి పోతే నన్ను బతకనివ్వడు. అందుకని హాల్‌టికెట్ తడవకుండా టిఫిన్ బాక్సులో పెట్టి, సైకిల్ తోసుకుంటూ పరుగెత్తి, గేటు మూసే వేళకి చేరాను. ఇదీ నా వీరగాథ. (జీవితం మొత్తానికి ఉన్నది అదొక్కటే.)

టై మాస్టారు బల్ల చరిచాడు. "వహ్వా! గిది కావాలె! అందరు రాసుకోండ్రి!" అంటూ నా వాననీ, నా పంక్చరునీ, నా టిఫిన్ బాక్సునీ చక్కటి ఇంగ్లీషులో క్లాసు మొత్తానికీ డిక్టేట్ చేశాడు.

"సార్, అది నా కథండీ..." అని నసిగాను.

"నీదే గద తమ్ముడు, ఎవలు కాదన్నరు? జెర నువ్వు సుత రాసుకో."

రాసుకున్నాను. సారు నా కథ మెచ్చుకున్నాడని ఆ సాయంత్రం ఇంటిదాకా ఈల వేసుకుంటూ నడిచాను కూడా.

ఆ వారమే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పిలిచింది. వెళ్ళి చూస్తే వరండా నిండా మా క్లాసే. ఇంటిపేరు అక్షరం పుణ్యమా అని నన్ను చివర్లో పిలిచారు. లోపల కళ్ళజోడు పెట్టుకున్న మేడమ్ ఒకావిడ, తలనొప్పి మాత్ర వేసుకుని గ్లాసు కింద పెడుతోంది.

"మీరు కూడా డాగెడ్డేనా?" అంది.

"యెస్ మేడమ్."

"సైకిల్ పంక్చర్ అయిందా?"

"అయింది మేడమ్."

"అదే వర్షంలో?" ఆవిడ పెన్ను మూసేసింది. "చూడండీ, పొద్దున్నుంచి ఇదే సైకిల్. ఒకాయనైతే మోకాలి దెబ్బ కూడా చూపించాడు. ఇంక మీరు వెళ్ళొచ్చు."

నాకు ఆ క్షణంలో రైస్‌మిల్లు కనిపించింది. తవుడు వాసన కూడా వచ్చింది. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆవిరైపోయి, "మేడమ్, ఆ సైకిల్ నాదండీ! వాళ్ళందరూ తోసింది మా మావయ్య సైకిలండీ!" అని అరిచాను.

ఆవిడ ఆగింది. "సరే, అయితే టిఫిన్ బాక్సులో ఏముంది? ఒకరు ఇడ్లీ అన్నారు, ఒకరు బిర్యానీ అన్నారు."

"నిమ్మకాయ పులిహోరండీ. హాల్‌టికెట్టంతా పసుపైపోయింది. ఇన్విజిలేటర్ దాన్ని వాసన చూసి సంతకం పెట్టాడు."

మేడమ్ నవ్వాపుకోలేకపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మరి మీ కథ క్లాసంతా ఎత్తుకుపోతుంటే మీరేం చేశారు?" అంది.

"నేనూ రాసుకున్నానండీ. సారు బాగుందన్నారని..."

"అంటే మీరు డాగెడ్ కాదన్నమాట. మీవాళ్ళొకరు పొద్దున చెప్పిన ఆ రెండోది, డాగ్‌లైక్." ఆవిడ నా కాగితం మీద టిక్కు పెట్టింది. "ఫర్వాలేదు, మాక్కావలసింది అదే. సోమవారం వచ్చి చేరండి."

బాబాయి వీధంతా లడ్డూలు పంచాడు. నన్ను ఏ గుణం చూసి తీసుకున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ గుణంతోనే పైకొచ్చి, ఇప్పుడు టేబుల్‌కి అవతలి పక్క కూర్చుంటున్నాను.

మొన్న ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. పట్టుదలకి ఉదాహరణ చెప్పమన్నాను. జడివాన, ఎగ్జామ్, పంక్చర్ అంటూ మొదలుపెట్టింది. సైకిల్ మాత్రం స్కూటీ అయింది. "బాక్సులో ఏముందమ్మా?" అని అడిగాను.

"లెమన్ రైస్ సర్! హాల్‌టికెట్ మొత్తం ఎల్లో అయిపోయింది!"

(పులిహోర సంగతి క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ నేనెన్నిసార్లు చెప్పానో! అక్కణ్ణించి కోచింగు క్లాసుల దాకా పాకినట్టుంది.) ఆ స్కూటీ నాదమ్మా అనబోయాను. ఇంతలో పక్కనున్న మా డైరెక్టర్ గారు కళ్ళు చెమర్చి, "వెరీ ఇన్‌స్పైరింగ్, కదా?" అన్నారు.

"అవును సర్" అన్నాను.

వానలో సైకిల్ తోసుకుంటూ పరుగెత్తిన ఆ కుర్రాడికి మాత్రం నిజంగా పళ్ళుండేవి. వాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.