మేము తాళం వేయనివ్వని షెడ్డు

మొన్న ఆదివారం మా తార్నాక అపార్ట్‌మెంటులో మీటింగు పెట్టారు. కింద స్కూటర్లు నిలిపే చోటు పక్కన ఉన్న పెద్ద గదిలో మేము కొందరం కలిసి పని చేసుకుంటూ ఉంటాం. రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, మూడో అంతస్తు పెద్దాయన చెక్కపని సామాను, కాలేజీ పిల్లలు ఏవేవో విప్పి బిగించుకునే ఒక మూల, అంతే ఆ గది. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి కిటికీలన్నీ అద్దాలతో మూసేసి, ఏసీ పెట్టించి, ఆ కరెంటు ఖర్చు గది వాడుకునేవాళ్ల మీద వేస్తారట. అంత పెట్టుకోలేనివాళ్లు ఎండాకాలం రాకుండా ఉంటే సరిపోతుందట. ఆ చివరి మాట వినగానే నాకు ఒళ్లు మండింది. రాకుండా ఉండటమేమిటి, నేను ఒప్పుకోను అని అందరిలో లేచి అన్నాను. మా అబ్బాయి నా కొంగు పట్టి కూర్చోబెట్టాలని చూశాడు గానీ, వాడికేం తెలుసు, ఈ మాట నేను మొదటిసారి విన్నప్పటికి వాడు ఇంకా పుట్టనే లేదు. నా ఈడువాళ్లకైతే వివరంగా చెప్పనక్కర్లేదు, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

మా ఆయన యూనివర్సిటీలో ల్యాబ్ అటెండరుగా ఉండేవారు. క్యాంపస్ లోపలే క్వార్టరు. ఆ వరుసలో ఉన్న ఆడవాళ్లలో చాలామందిమి పల్లెల నుంచి పెళ్లయి వచ్చినవాళ్లం, నాట్లు వేసిన చేతులు, కలుపు తీసిన చేతులు, పట్నం వచ్చాక ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చిన చేతులు. పక్క క్వార్టరు అక్క చిన్నప్పుడు చర్చి వాళ్ల దగ్గర కుట్టుపని నేర్చుకుందట, ఆవిడే మాకందరికీ కత్తెర పట్టుకోవడం నేర్పింది. క్వార్టర్ల వెనక ఒక పాత సైకిళ్ల షెడ్డు ఖాళీగా పడి ఉంటే, కరెంటు ఖర్చు మేమే పంచుకుని కట్టుకుంటామని బతిమాలి తీసుకున్నాం. ఎవరి మిషను వాళ్లు మోసుకొచ్చుకున్నాం. మా ఆయన అక్క, నాకు వదిన, లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి నడిచి వచ్చేది. నల్లకుంట బట్టల దుకాణాల వాళ్లు బడిపిల్లల యూనిఫారాల పని ఇచ్చేవాళ్లు. బళ్లు తెరిచేది జూన్‌లో కదా, అంటే మాకు పని ఉండేదల్లా మండుటెండల్లోనే. ఆ పని చేయి దాటితే తక్కిన ఏడాదంతా జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చోవడమే.

ఆ షెడ్డు వేడి గురించి చెప్పకపోతే ఈ కథ మీకు సగమే అర్థమవుతుంది. పైన సిమెంటు రేకులు, మధ్యాహ్నానికి కింద కూర్చున్నవాళ్ల నడినెత్తి మాడిపోయేది. తొక్కే మిషన్లు కాబట్టి వాటికి కరెంటుతో పని లేదు, ఖర్చంతా ఫ్యాన్లకూ ఇస్త్రీ పెట్టెకూనే. ఆ రెంటికీ అస్సలు పడదు. ఫ్యాను వేస్తే కత్తిరించి పెట్టిన కాలర్లూ జేబులూ షెడ్డంతా ఎగిరిపోయేవి, ఇస్త్రీ పెట్టె మాటిమాటికీ చల్లారిపోయి కరెంటు ఎక్కువ తాగేది. ఫ్యాను ఆపితే మేము ఉడికిపోయేవాళ్లం. అందుకని ఇస్త్రీ బల్ల ఉన్న మూలకు ఫ్యాను గాలి తగలకుండా పాత దుప్పటి కట్టి, ఒకరోజు అక్కడ నిలబడ్డవాళ్లు మరునాడు నిలబడకూడదని మాలో మేమే ఒప్పందం చేసుకున్నాం. బొగ్గుల ఇస్త్రీ పెట్టె కూడా కొన్నాళ్లు వాడి చూశాం, దాని నిప్పురవ్వ ఒకటి తెల్ల చొక్కా వీపున పడి చిల్లు పెట్టాక దాన్ని అటక ఎక్కించాం. రేకుల మీద సున్నం కొట్టాం, కిటికీలకు గోనెసంచులు తడిపి కట్టాం. ఎవరూ మాకు చెప్పిన విద్య కాదు, వేడికి తట్టుకోలేక పుట్టిన తెలివి.

అంత తెలివీ ఒక కూలర్ రాగానే ఎటు పోయిందో తెలియదు. ఎవరో పుణ్యాత్ముడు రిటైరై ఊరికి పోతూ పెద్ద ఇనుప కూలర్ మాకు ఇచ్చిపోయాడు. మాకు పండగే పండగ. చల్లదనం బయటికి పోతుందేమోనని ఉన్న కిటికీలన్నీ మూసేశాం, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాం, వెలుతురు రాకపోతే ఉన్న బల్బులన్నీ వేసుకున్నాం. కాసేపు హాయిగానే ఉంది. ఆ తర్వాత ఒళ్లంతా జిడ్డు, గాలి ఆడదు, బట్ట నెమ్మెక్కి సుద్దగీత పడదు, తడి బట్ట ఆరేదాకా దాని మీంచి ఇస్త్రీ పెట్టె తీసే పనే లేదు. కూలర్‌కు ఒక పక్క కిటికీ తెరిచి ఉంచాలన్న సంగతి మాకు తెలిసేసరికి కరెంటు బిల్లు వచ్చేసింది. అంత బిల్లు మేము ఎన్నడూ కట్టి ఎరగం.

బిల్లు ఎలాగో కట్టాం, కానీ క్యాంపస్‌లో కరెంటు చూసుకునే సారు కంట్లో అప్పుడే పడ్డాం. ఇంత లోడు ఈ లైను మోయలేదు, ఎండాకాలం షెడ్డుకు తాళం వేసుకోండి, వానలు పడ్డాక తెరుచుకోండి అన్నాడు. వానలు పడ్డాక తెరిచి ఏం కుట్టాలి, గొడుగులా? దుకాణాల వాళ్లు ఇస్తామన్న యూనిఫారాల పనికి అప్పటికే బట్ట తానులు వచ్చి షెడ్డులో పడి ఉన్నాయి. మేము తాళం వేస్తే ఆ తానులు ఇంకో చోటికి పోతాయి, మళ్లీ మా గడప తొక్కవు.

దారి చూపింది మా వదిన. మర్నాడు షెడ్డు ముందు మేమంతా దిగాలుగా కూర్చుంటే చేతులు తిప్పుకుంటూ అన్నది, "ఏందే గట్ల ఏడుపు మొకాలు వెట్టుకున్నరు? మా ఆయన కార్ఖానకు పొద్దుగాల్నే పోతలేడా? ఎండ ముదిరేవరకు సగం పని అయితది. మనం పోతె ఏమైతది?" ఇంతకాలం ఎండతో కుస్తీ పట్టామే తప్ప ఎండ కంటే ముందు లేవాలని మాకెవరికీ తట్టలేదు. ఇంటి పనంతా ముగించుకుని, అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, అప్పుడు షెడ్డుకు రావడమే మాకు తెలిసిన పద్ధతి. అంటే రోజులో చల్లని వేళంతా ఇంటికిచ్చి, మండే వేళ మాకోసం అట్టిపెట్టుకున్నామన్నమాట.

మరునాటి నుంచి తెల్లవారుజామునే షెడ్డు తెరిచాం. రెండు వైపులా తలుపులు బార్లా తీస్తే క్యాంపస్ చెట్ల మీది గాలి ఈ పక్క వచ్చి ఆ పక్క పోయేది. ఫ్యానక్కర్లేదు, తెల్లారితే బల్బూ అక్కర్లేదు. ఎండ రేకులెక్కేలోపు ఇస్త్రీ కూడా ముగించి ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లం. ఆ నెల బిల్లు చూసి పక్క క్వార్టరు అక్క దాన్ని కళ్లకద్దుకుంది.

అసలు మంట అప్పుడు మొదలైంది, ఇళ్లల్లో. క్వార్టర్ల వరుసకంతా ఒకే నల్లా, అందులో నీళ్లు వచ్చేది సరిగ్గా మేము షెడ్డులో ఉండే వేళకే. మా ఆయన వాకిట్లో అడ్డంగా నిలబడి, "ఇంట్ల నీళ్లెవరు వడ్తరు?" అన్నారు. నేను చెప్పులు వేసుకుంటూ, "తాగేటోళ్లే వట్టుకుంటరు" అన్నాను. పెళ్లయ్యాక ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు, వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్లాను. అత్తమ్మ ఆ ఎండాకాలమంతా నాతో మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే గోడకు చెప్పేది, వచ్చినవాళ్లతో మాత్రం నాకు వినపడేలా, "మా కోడలికి పొద్దుగాల కచేరి ఉన్నది, కలెక్టరు గదా" అనేది. నాకు బాధ కలగలేదని చెప్పను. కలిగింది, చాలా కలిగింది. కానీ మానలేదు.

మగవాళ్లు ఊరుకోలేదు. నలుగురు కలిసి ఆ కరెంటు సారు దగ్గరికే పోయి చెప్పుకున్నారు. ఆయన ఒక పొద్దున షెడ్డుకు వచ్చి, గుమ్మంలో నిలబడి, "బిల్లు తగ్గింది నిజమేనమ్మా, గని మీ ఇండ్లకెల్లి కంప్లయింట్లు వస్తున్నయి. గింత పొద్దుగాల ఆడోళ్లు బయటికొస్తే ఎట్ల? తాళం ఇట్లియ్యండి" అన్నాడు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అప్పుడు నా నోట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు, "బిల్లు కోసం తాళమన్నరు, బిల్లు తగ్గించినం. ఇప్పుడు మొగోళ్లు తాగే పొద్దుగాల చాయ కోసం తాళమంటున్నరా సార్?" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. పక్క క్వార్టరు అక్క తాళంచెవి తీసి సారుకు చూపించి, చూపించినంత నిదానంగానే మళ్లీ బొడ్లో దోపుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ వెంటే వదిన తొక్కింది, నేను తొక్కాను, తక్కినవాళ్లూ తొక్కారు. ఆ చప్పుడులో ఆయన ఇంకేమన్నాడో మాకు వినపడలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

ఆ తర్వాత పొద్దున్నే షెడ్డు గుమ్మంలోంచి చూస్తే ఎంత ముచ్చటగా ఉండేదో. నల్లా దగ్గర లుంగీలు ఎగగట్టుకుని మగవాళ్ల వరుస, చేతుల్లో బిందెలు, నా వంతంటే నా వంతని పోట్లాటలు. ఆడవాళ్లకు నల్లా దగ్గర కొట్లాటే పని అని అంతవరకు వేళాకోళం చేసిన మనుషులే వాళ్లంతా. మా ఆయన మొదట్లో సగం నీళ్లు దారిలోనే ఒలకబోసేవారు, పోనుపోను భుజాన బిందె తొణక్కుండా తేవడం వచ్చింది, పొయ్యి వెలిగించడం కూడా వచ్చింది. నాతో ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు, నేనూ అడగలేదు. జూన్‌లో మేము కుట్టిన చొక్కాలు తొడుక్కుని పిల్లలు హబ్సిగూడ బస్సెక్కుతుంటే మాత్రం ఆయన ఆగి చూసేవారు. వానలు పడ్డాక కూడా మేము పొద్దున్నే వెళ్లడం మానలేదు. ఆయన కూడా లేవడం మానలేదు, పోయేదాకా.

ఇప్పుడు ఆ షెడ్డూ లేదు, వదినా లేదు, పక్క క్వార్టరు అక్కా లేదు. మీటింగులో నేను అంత గట్టిగా ఎందుకన్నానో పిల్లలకు అంతుపట్టలేదు, ముసలావిడ ఏసీ పడక అంటున్నదనుకున్నారు. నాకు ఏసీ మీద కోపం లేదమ్మా. కిటికీలు మాత్రం మూయనివ్వను, ఖర్చు పెట్టుకోలేనివాళ్లు ఇంట్లో కూర్చోవాలంటే అసలే ఊరుకోను, రేపు మళ్లీ మీటింగు పెట్టినా ఇదే చెబుతాను. మా కాలంలో ఆ షెడ్డు చల్లగా ఉండాలంటే ఇంట్లో ఎవరో ఒకరు తమ అలవాటు మార్చుకోవాల్సి వచ్చేది, అందుకని షెడ్డుతో పాటు ఇళ్లు కూడా కాస్త మారాయి. ఇప్పుడు మీట నొక్కితే చలి, ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. మా ఇంట్లో తెల్లవారి అందరికంటే ముందు లేచేది మా కోడలే, బాక్సులు సర్దేదీ ఆ పిల్లే, ఉరుకులు పరుగుల మీద మెట్రోకు పోయేదీ ఆ పిల్లే. మా అబ్బాయి గది తలుపు మూసి ఉంటుంది, లోపల ఏసీ చప్పుడు. వాడి నాన్నను నిద్ర లేపడానికి నాకు ఒక షెడ్డు దొరికింది. వీణ్ణి లేపడానికి ఆ పిల్లకు ఏం దొరుకుతుందో నాకు తోచడం లేదు.