బాడీ మీద రెండు దెబ్బలు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. శ్మశానం పక్కన బండి ఆపుకొని గురకపెట్టి పడుకున్నవాణ్ణి. లారీ డ్రైవర్‌కి దయ్యం కంటే చెక్‌పోస్టంటేనే భయమెక్కువ. అయినా ఈ సంగతి మా ఆవిడకు చాలాకాలం చెప్పలేకపోయాను. ఇది ఆమె ఒక్కగానొక్క తమ్ముడి ప్రాణం సంగతి.

తొంభైల మాట. ఇస్నాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకొని, పటాన్‌చెరులో ఒక సేటు దగ్గర లారీ నడిపేవాణ్ణి. జీతం పేరుకే. గది కిరాయికీ పాలకూ సరిపోయేది. ఇల్లు నడిచేదంతా ట్రిప్పు బత్తా మీదే. బండి కదిలితే బత్తా, ఆగితే పొయ్యిలో పిల్లి పడుకున్నట్టే. అందుకే ఒళ్లు కాలిపోతున్నా ఏ డ్రైవరూ ట్రిప్పు వద్దనడు.

మా బామ్మర్ది యాదయ్య నాకు క్లీనర్. ఇద్దరు పిల్లల తండ్రి. క్లీనర్ వెనక నుంచి లారీ బాడీ మీద చేత్తో ఒక దెబ్బ కొడితే బండి ఆపాలి, రెండు కొడితే 'రైట్', పోవాలి. లోడెక్కాక అద్దంలో వెనక ఏమీ కనబడదు. ఆ చప్పుడు మీదే మా నమ్మకమంతా. యాదయ్య కుడిచేతికి ఇనుప కడియం ఉండేది. వాడు కొడితే దెబ్బతోపాటు ఖణేల్‌మని మోగేది.

సేటు ఎక్కడో అగ్గువకు దొరికిందని ఒక పాత లారీ కొని మాకిచ్చాడు. అది ఎక్కినప్పటి నుంచి ఆగి ఉన్నప్పుడు కూడా వెనక చప్పుళ్లు వినిపించేవి. రేకు వదులైందనుకున్నాను. పాత బండి ఊరికే ఉంటుందా!

ఒక మిట్టమధ్యాహ్నం ఫ్యాక్టరీలో లోడు నింపుకొని బయల్దేరబోతున్నాం. తాళ్లు చూసొస్తానని యాదయ్య దిగాడు. ఇంజన్ నడుస్తోంది. వెనక నుంచి గట్టిగా రెండు దెబ్బలు పడ్డాయి. అలవాటు కొద్దీ గేరు వేసి క్లచ్ వదిలాను. బండి జానెడు కదిలింది.

కడియం మోగలేదు.

అది తలకెక్కేలోపే కాలు బ్రేకు మీద పడింది. కిందికి దూకి చూస్తే యాదయ్య వెనక టైర్ల ముందు పడుకొని ఉన్నాడు. జోడు టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని రాడ్డుతో పొడుస్తున్నాడట. చొక్కా కొస టైరు కింద నలిగిపోయింది. చొక్కా చింపి వాణ్ణి బయటికి లాగాను.

"రైట్ ఎవలిచ్చిన్రు బావా? నేనియ్యలే!" అన్నాడు వాడు.

వెనక ఎవరూ లేరు. హమాలీలు అన్నానికి పోయారు. వెనక పలక మీద దుమ్ము పేరుకొని ఉంది. దాని మీద చెయ్యి పడ్డ గుర్తు కూడా లేదు.

సాయంత్రం తాళాలు సేటు ముందు పెట్టి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నా మొహం చూసి, "నీగ్గూడ ఇనిపిచ్చిందా?" అన్నాడు. ఇంకెవరికి వినిపించిందని అడిగితే తాళాలు సొరుగులో పడేసి లెక్కల పుస్తకం తెరిచాడు. వేరే బండి ఇమ్మంటే లేదన్నాడు. అలా నౌకరీ పోయింది. ఇంట్లో పాలు బందయ్యాయి.

ఆ లారీకి భానూర్ నుంచి కొత్త డ్రైవర్ వచ్చాడని తెలిసి ఉండబట్టలేక వెళ్లాను. నాకంటే చిన్నవాడు. పక్కకు పిలిచి అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను కానీ నవ్వలేదు.

"నువ్వు అబద్ధమాడుతలేవని తెలుస్తనే ఉందన్నా. గని పని లేక శాన దినాలాయె. ఈ బండి గూడ వద్దంటే ఇంట్ల ఏమని జెప్పాలె?"

ఆ దెబ్బలు ఎవరివో, నా చేత యాదయ్యను ఎందుకు తొక్కించాలని చూశాయో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఆ పిల్లవాడు మాత్రం నా మాట నమ్మి కూడా బండెక్కాడు.