తదితరులు గారు

మా చిన్నప్పుడు, అంటే ఎనభైల్లో, వినుకొండ బస్టాండు గోడే నాకు రెండో వాచకం... కొత్త మాట కనబడితే చాలు, నిలబడి కూడబలుక్కుని నోట్సులో ఎక్కించుకునేదాన్ని.

ఆ గోడ నిండా 'పల్నాడు థండర్స్' పోస్టర్లే. మా ఊరి రాక్ బ్యాండ్ అది. చర్చిలో క్రిస్మస్ పాటలతో మొదలై, గుంటూరు, ఒంగోలు కాలేజీల్లో కుర్రాళ్లని కుర్చీలెక్కించి, చివరికి ఢిల్లీ దాకా వెళ్లింది. మా నాయనమ్మ మాత్రం 'తండర్లోళ్లు' అనేది!

వాయించేది నలుగురు. పోస్టర్ మీద మాత్రం ఎప్పుడూ ఇంతే... విక్టర్, మోహన్, జానీ, తదితరులు.

తదితరులు అంటే ఎవరో పెద్దాయన అనుకున్నాను నేను. సినిమా పోస్టర్ల మీదా ఆయనే, నాటకాల కరపత్రాల మీదా ఆయనే... ఎంత గొప్ప కళాకారుడో!

ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించేది మా అమ్మ తమ్ముడు, దానియేలు మావయ్య. ఓ రోజు అన్నం తింటుంటే అడిగేశాను.

"మావయ్యా, మీ బ్యాండులో తదితరులు గారు ఏం వాయిస్తారు?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పడీపడీ నవ్వాడు. "డ్రమ్ములే! ఇదుగో, నీ ఎదురుగా కూర్చుని గోంగూర తింటన్నాడు చూడు, ఆయనే."

అమ్మ నవ్వలేదు. "సిగ్గు లేదంట్రా నవ్వటానికి? నీ పేరెందుకెయ్యరు?"

"పోస్టర్లో జాగా చాలదంటక్కా. విక్టరన్న చెప్పాడు."

నేను వేళ్లమీద లెక్కపెట్టాను. దా-ని-యే-లు... నాలుగు. త-ది-త-రు-లు... అయిదు!

జాగా చాలకపోవడమేంటి? ఒళ్లు మండిపోయింది. ఉన్నదే ఒక్క మనిషైతే, మళ్లీ ఆ బహువచనమొకటి!

మర్నాడు, నాన్న మిరప బస్తాల మీద మార్కా వేసే ఎర్ర రంగూ కుంచే పట్టుకెళ్లాను. ఆరు పోస్టర్ల మీదా 'తదితరులు' కొట్టేసి, గుండ్రంగా 'దానియేలు' అని రాశాను.

సాయంత్రానికల్లా విక్టర్ మా వాకిట్లో ఉన్నాడు. "ఏరా, పేరు పిచ్చి పట్టిందా నీకు? బ్యాండులో ఉంటావా, పోతావా?"

మావయ్య నా ఎర్ర వేళ్ల వంక ఒక్కసారి చూశాడు. "నేనే రాశానన్నా... తప్పయింది."

నేను తలుపు చాటునుంచి బయటికి రాలేదు. ఆ కోపం ఇప్పటికీ నా మీద నాకు తీరలేదు.

తర్వాత క్యాసెట్లొచ్చాయి. అట్టల మీదా తదితరులే. ఆ పాటలకి ఈనాటికీ పెళ్లిళ్లలో కాళ్లాడతాయి... ఆడించిన చేతులెవరివో ఎవడికీ తెలియదు.

ఈరోజు పొద్దున ఫోన్ తెరవగానే అదే బస్టాండు ఫొటో కనబడింది. 'మన థండర్స్‌కి ఘన సన్మానం' అని ఫ్లెక్సీ. ముగ్గురి బొమ్మలు నిలువెత్తున... కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 'తదితరులు'. ఇంటి గోడంత ఫ్లెక్సీ అది! ఇప్పుడూ జాగా లేదా?

మావయ్యకి ఫోన్ చేస్తే, "పోనీలేవే, పిలిచారుగా" అన్నాడు.

ఎందుకు పోనివ్వాలి? కాగితం పోయి ఫ్లెక్సీ వచ్చింది, క్యాసెట్ పోయి ఫోనొచ్చింది... ఆ ఒక్క మాట మాత్రం చెక్కుచెదరలేదు.

మీ ఇంట్లోనూ ఒక తదితరులు ఉండే ఉంటారు. కింద కామెంట్లలో వాళ్ల పేరు రాయండి... ఇంటిపేరుతో సహా.

నేను రేపు పొద్దున్నే నరసరావుపేటలో మొదటి బస్సెక్కి వినుకొండ వెళ్తున్నాను. ఎర్ర రంగు డబ్బా కొన్నాను. ఎవరు రాశారని అడిగితే ఈసారి నేనే చెప్తాను.

నాలుగక్షరాలే... జాగా సరిపోతుంది.