రేవు దగ్గర కొత్త సరంగు

మా వదినను ఆ ఆటలోకి దింపింది నేనే. దించకపోతే ఏమయ్యేదో తెలియదు కానీ, దించాక ఏమైందో మాత్రం బాగా తెలుసు.

అన్నయ్య పోయి అప్పటికి ఎనిమిది నెలలు. బొల్లారంలో అంత పెద్ద ఇంట్లో వదిన ఒక్కతే. గోడ గడియారం టిక్కుమంటే అల్వాల్‌లో మా ఇంటికి వినిపించేంత నిశ్శబ్దం ఆ ఇంట్లో. కాలక్షేపంగా ఉంటుందని నేను ఫోన్లో ఆడుతున్న ఆటను ఆమెకూ నేర్పాను. అందులో కత్తులూ తుపాకులూ ఉండవు. నది ఒడ్డున ఒక ఊహా పట్నం ఉంటుంది. ఒక్కొక్కరూ ఒక మనిషిని పుట్టించి, ఆ మనిషి ఏమన్నాడో, ఏం చేశాడో తెలుగులో రాస్తుంటారు. మిగతావాళ్ళు తమ మనుషుల చేత జవాబులిప్పిస్తారు. వెనక ఉండి రాసేది ఎవరో మాత్రం కనిపించదు. అంతే ఆట.

వదిన రొట్టెల దుకాణం నడిపే ఒక ఆవిడను పుట్టించింది. వారం తిరిగేసరికి పట్నమంతా ఆవిడకు హడలిపోయింది. ముప్ఫై అయిదేళ్ళు తెలుగు టీచరుగా చేసిన మనిషి కదా! ఒక బందిపోటు దుకాణంలో దూరి బెదిరిస్తే, ముందు ఆ బెదిరింపులో వత్తులు దిద్దింది, తర్వాతే భయపడింది. ఆ బందిపోటు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిది ఆమె గుండె. లోపల ఒక కవాటం పాడైంది, నెలలోపు ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. ఆయన అలా అని రెండు నెలలైంది. అడిగినప్పుడల్లా ఒకటే మాట. "ప్రభువు చెప్పనీరా, అప్పుడు చేపించుకుంట." మెట్లు ఎక్కితే పెదవులు నీలం తిరిగేవి. పాస్టరమ్మ బతిమాలింది, నా భార్య ఏడ్చింది, నేను జోకులు వేశాను. ఏదీ పని చేయలేదు.

ఆటలో నాకు అప్పటికే ఒక నాటు వైద్యుడు ఉండేవాడు. వాడి మందు తాగిన గుర్రం తెలుగులో మాట్లాడిందని నేను రాసిన రోజు నుంచి వాడి దగ్గరకు రోగులు రావడం మానేశారు. సరే, ఇంకొకణ్ణి పుట్టిద్దామనుకున్నాను. కొత్త మనిషి కోసం ఒక పత్రం నింపాలి. వయసు, పని, అలవాట్లు, భయం. నింపాక అంగడి మధ్య గడియారం కింద నిలబడి ఊరందరికీ తనను తాను పరిచయం చేసుకోవాలి. అది అక్కడి ఆచారం.

పని: రేవులో పడవ నడిపే సరంగు. వయసు: డెబ్భై. అలవాట్ల దగ్గర చెయ్యి దానంతట అదే నడిచింది. నడివేసవిలోనూ మెడదాకా గుండీలు పెట్టిన కోటు. టీ సాసర్లో పోసుకుని మూడుసార్లు ఊదడం. ఏం అడిగినా ముందు రెండుసార్లు దగ్గి, ఆ తర్వాతే జవాబివ్వడం.

నా భార్య వెనకనుంచి చదివింది. "ఏందండీ ఇది? బావగారిని తీస్కపోయి పడవెక్కించిన్రు?"

"సరదాకే."

"పోయినోళ్ళతోని సరదాలేంది? అక్క చూస్తే?"

"చూడాలనే కదా! ఫోన్ చేసి నాలుగు తిడుతుంది. మనసు తేలికపడుతుంది."

"జెర ఆలోచించుర్రి," అంది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడితే వినాలని పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు కూడా నేను నేర్చుకోలేదు.

పరిచయం రాసేటప్పుడు ఇంకో అడుగు ముందుకేశాను. మా ఇళ్ళలో గృహ కూడికలప్పుడు పాటలయ్యాక ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి, దేవుడు తమను ఏ ఆపదలోంచి తప్పించాడో. అన్నయ్య నలభై ఏళ్ళూ ఒకే సాక్ష్యం చెప్పాడు. తొమ్మిదేళ్ళప్పుడు కాలువలో మునిగిపోతుంటే ఎవరిదో చెయ్యి జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగింది. చూస్తే ఒడ్డున ఎవరూ లేరు. ఆ కాలువ లోతు ఏటా రెండడుగులు పెరిగేది. ఆయన చివరిసారి చెప్పిన ఏడాదికి అందులో ఓడలు తిరగవచ్చు. (ఉబ్బించడం మా వంశంలోనే ఉంది.) నా సరంగు గడియారం కింద నిలబడి, రెండుసార్లు దగ్గి, ఆ సాక్ష్యాన్ని పొల్లుపోకుండా చెప్పాడు.

వదిన ఫోన్ కోసం ఎదురుచూశాను. సాయంత్రం దాకా రాలేదు. ఆరింటికి ఆటలో రొట్టెల ఆవిడ రేవుకు వచ్చింది. నది మీద మంచు పడుతోందని రాసింది. ఆ మంచు నేను పెట్టింది కాదు. సరంగు ముందు ఒక రొట్టె ఉంచి అడిగింది: "ఆ చెయ్యి ఎవరిదో ఇప్పుడైనా తెలిసిందా?"

నేను అప్పుడే ఆగవలసింది. కానీ మంచి మాట దొరికితే వదలలేను. దాని కోసం నా కొంపైనా తగలబెట్టుకుంటాను. సరంగు చేత అనిపించాను: "తెలిసింది. అది నీదే."

అటునుంచి వచ్చింది ఒక్క ముక్క. "రేపు వస్తాను."

ఆ రేపటి నుంచి రోజూ ఆరింటికి వచ్చింది. దుకాణం మూసేసింది. ఊళ్ళో ఎవరు పలకరించినా జవాబివ్వదు. తిన్నగా రేవుకే. సంఘంలో ఎవరు పోయారో, పంపు ఎన్నిసార్లు పాడైందో, పూలకుండీల్లో ఏవి బతికాయో చెప్పేది. నేను దగ్గించేవాణ్ణి, సాసర్లో ఊదించేవాణ్ణి. మధ్యలో ఒక ఆదివారం బొల్లారం వెళితే బల్ల మీద రెండు కప్పులున్నాయి. ఒకదాని కింద సాసరు. అందులో టీ చల్లారి మీగడ కట్టింది. ఆ రోజు ఆమె కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

మూడో వారంలో ఒక శుక్రవారం రొట్టెల ఆవిడ రేవు మెట్లు దిగింది. రొట్టె తేలేదు. "నాకు మీరు చెప్తే చాలు," అని రాసింది. "ఆసుపత్రికి పొమ్మంటారా, పడవెక్కమంటారా?"

ఫోన్ నా చేతిలోంచి జారి కంచంలో పడింది. పప్పులో పడిన ఫోన్‌ను నా భార్య తీసి, తుడిచి, చదివింది. మర్నాడు పొద్దున్నే చెప్పుల జత తెచ్చి నా ముందు పెట్టింది.

వదిన వరండాలో కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. "వదినా, ఆ సరంగు నేనే. మొదటి నుంచీ నేనే రాస్తున్నాను."

ఆమె నవ్వింది. "నువ్వా? పిల్లిని చూసి పులొచ్చిందని బస్తీని లేపినోడివి. నీ మాట ఎవరు నమ్ముతర్రా?"

"ఒట్టు. ఇదిగో చూడు, నా ఫోన్లోనే ఉన్నాడు."

అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ముఖం వాడిపోతుందనుకున్నాను. వెలిగింది.

"బైబిల్ల గాడిద చేత మాట్లాడించిన దేవునికి నీ చేత మాట్లాడించుడు ఎంతసేపురా? వేళ్ళు నీవైతే ఏంది, మాట మీ అన్నది. కూర్చో. నిన్న అడిగినదానికి జవాబు రాలే. ఇక్కడే, నా ముంగట్నే రాయి."

"నేను చెప్తున్నా వదినా, ఆపరేషన్ చేయించుకో."

"నీ మాట ఎవరడిగిన్రు? ఆయన మాట కావాలె."

'చేయించుకో' అని రాస్తే చాలు. లేచి ఆసుపత్రికి వస్తుంది. ఆపరేషన్ బల్ల మీద ఏదైనా జరిగితే? పోయిన మొగుడి పేరు చెప్పి పంపింది నేనవుతాను. రాయకపోతే ఈ కుర్చీలోనే, ఆ సాసరు ఎదురుగానే పోతుంది. ఇన్నేళ్ళు ఇన్ని కోతలు కోసిన నాకు అక్కడ ఒక్కటీ తోచలేదు. ఉన్నదే రాశాను. "నాకు తెలియదు. నువ్వు లేకపోతే మేమేం కావాలని భయంగా ఉంది."

ఆమె ఫోన్లో అక్షరాలు పడ్డాయి. కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది ఆయన కాదు," అంది మెల్లగా. "ఆయనకు తెల్వందంటూ లేదు. 'తెలియదు' అన్న మాట నలభై ఏండ్లల్ల ఆ నోట్లకెళ్ళి వినలే."

ఫోన్లో వెనక్కి జరుపుకుంటూ పోయి మొదటి రోజు మాటల దగ్గర ఆగింది.

"అయితే చెయ్యి నాదేనన్నది?"

"నేనే రాశాను."

"నువ్వే."

"ఆ."

వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ వచ్చాడు, వెళ్ళిపోయాడు.

"ఆయన బతికున్నప్పుడు ఒక్కసారి సుత అసుంటి మాట అనలే," అంది. "పోయినంక అన్నడనుకున్న. దాంతోనే పోదామనుకున్న." లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. బల్ల మీది సాసరు కడిగి బోర్లించిన చప్పుడైంది. తర్వాత ఆమె గొంతు, పాస్టరమ్మకు ఫోన్లో చెబుతోంది: "డాక్టరు దగ్గర తారీఖు తీస్కో. ఆ, చేపించుకుంటనే అంటున్న. తోడు నువ్వే రావాలె. ఇంకెవ్వరొద్దు."

ఆపరేషన్ రోజు నేను ఆసుపత్రి గేటు బయట టీకొట్టు దగ్గర నిలబడ్డాను. పొద్దున తొమ్మిదికి తీసుకెళ్ళారు. రెండున్నరకు పాస్టరమ్మ వచ్చి బాగానే జరిగిందని చెప్పి, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. నాలుగో రోజు వార్డులోకి రానిచ్చారు. వదిన దిండుకు ఆనుకుని ఉంది. పెదవుల మీద నీలం పోయింది. బత్తాయిలు అక్కడ పెట్టి, "వదినా" అన్నాను.

పన్నెండేళ్ళ వయసు నుంచి నన్ను పెంచిన మనిషి, నన్ను 'ఒరేయ్' తప్ప ఇంకో మాటతో పిలవని మనిషి, పక్కనున్న కుర్చీ చూపించింది.

"కూర్చోండి. ఇంత దూరం ఎందుకు శ్రమ తీసుకున్నారు?"